నిండిన బెలూను, వెలగని పొయ్యి

మళ్ళీ ఆరిపోయింది. పాలదొడ్డి యజమానురాలు అగ్గిపుల్లని నేలకేసి కొట్టింది.

"చూశారా పిన్నీ? నిన్నటి నుంచీ ఇదే వరస. బయట బెలూను చూస్తే పగలడానికి సిద్ధంగా ఉంది. ఇక్కడ పొయ్యి చూస్తే మొండికేసి కూర్చుంది. అల్లుడు పోయాడని నేను ఏడుస్తుంటే ఈ గ్యాసుకి కూడా ఏం పుట్టిందో!"

"పోయాడని ఎవరన్నారు? కనపడ్డం లేదు, అంతే. ఏదీ, ఆ అగ్గిపెట్టె ఇటివ్వండి."

డిటెక్టివ్‌ను చిన్నా పెద్దా అందరూ పిన్ని అనే పిలుస్తారు. ఆవిడ చేపట్టిన మొదటి కేసు అక్క కూతురిది. కోర్టులో ఆ పిల్ల బోనెక్కి "దొంగను మా పిన్ని పట్టుకుంది" అని గట్టిగా చెప్పినప్పటి నుంచీ ఆ పిలుపే ఆవిడకు ఇంటిపేరైపోయింది. తనకంటే పదేళ్ళు పెద్దయిన ఈ యజమానురాలు కూడా పిన్నీ అంటుంటే మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు అలవాటైపోయింది.

పిన్ని మీట తిప్పింది. బుస్సుమని గ్యాసు వచ్చింది. పుల్ల గీసి దగ్గర పెట్టింది. మంట ఒక్కసారి నీలంగా వణికి, ఎవరో నోటితో ఊదినట్టు ఆరిపోయింది. మీట కట్టేసి, వంగి వాసన చూసింది. పేడ గ్యాసుకి ఉండాల్సిన కుళ్ళు కంపు కాదది. పులిసిన పిండి తొట్టిలో తల పెట్టినట్టుంది.

ఆవిడ గుండె గంతేసింది. కేసులో మొదటి పోగు చేతికి తగిలినప్పుడల్లా ఆవిడకు ఇలాగే అవుతుంది. ఆకలి మాయమవుతుంది, కాలు ఒక్కచోట నిలవదు.

అప్పటిదాకా అందరూ ఒక్క ప్రశ్నే అడుగుతున్నారు. మొన్న సాయంత్రం నుంచీ కనపడని అల్లుడు ఎక్కడున్నాడని. అతను ఈ దొడ్డిలో గ్యాసు ప్లాంటు ఇంజినీరు. రెండు వందల పశువుల పేడ, పొలంలో మిగిలిన దంటు, కుళ్ళిన కూరగాయలు, అన్నింటినీ రుబ్బి గాలి చొరని పెద్ద కాంక్రీటు ట్యాంకులోకి పంపుతాడు. అది లోపల మురిగి గ్యాసవుతుంది. ఆ గ్యాసు పక్కనున్న నల్లటి రబ్బరు బెలూనులో నిండి, అక్కణ్ణుంచి పొయ్యికీ, పాలు కాచే బాయిలరుకీ వెళుతుంది. మొన్న రాత్రి అతను ఇంటికి రాలేదు. నిన్న పొద్దున్న అతని చెప్పు ఒకటి పేడ కలిపే తొట్టి పక్కన దొరికింది.

"మీ ఆయన ఈ గ్యాసు గురించి ఇంట్లో ఏమైనా చెప్పేవాడా అమ్మా?" అని ఇంజినీరు భార్యను అడిగింది పిన్ని. ఆ అమ్మాయి గడపకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయిగాని మాట తొణకలేదు.

"చెప్పకపోతే ఆయనకి అన్నం అరగదండీ. అది ట్యాంకు కాదు, ఆవు పొట్ట అనేవారు. పెట్టింది తింటుంది గానీ ఒకేసారి కుక్కితే అజీర్తి చేస్తుంది అనేవారు. రోజూ ఒకే వేళకి, ఒకే కొలతలో మేత పెట్టేవారు."

"ఈ ట్యాంకు పక్కన కొత్తగా ఇంకోటి కట్టారుగా, దాని సంగతేమిటి?"

"అదా? ఇంకా మొదలెట్టలేదండీ. లోపల పూత వేశారు. అది బాగా ఆరాలని వారం నుంచీ మూత తెరిచే ఉంచారు. పిట్టలు దూరతాయని పైన వల కట్టారు."

"ఇంకా ఎన్నాళ్ళు ఈ ప్రశ్నలు?" అంటూ లోపలికొచ్చాడు యజమానురాలి తమ్ముడు. రోడ్డుకి అవతల దాణా మిల్లు అతనిదే. నిన్నటి నుంచీ అక్కకు కుడిభుజంలా తిరుగుతున్నాడు. "పిల్ల ఏడ్చి ఏడ్చి చిక్కిపోతోంది. ఉన్న ట్యాంకు తోడేస్తే విషయం తేలిపోతుంది కదా! పక్కన కొత్త ట్యాంకు ఖాళీగానే ఉంది. ఇందులోది అందులోకి పంపిస్తే సరి. ఇన్‌స్పెక్టర్‌గారికి కూడా అదే చెప్పాను."

"మంచి సలహా. మొన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

"నేనా? మిల్లులోనే. ఎక్కడుంటాను?"

"మిల్లు ఆడుతోందా అప్పుడు?"

"ఆ, ఆడుతూనే ఉంది."

"మొన్న సాయంత్రం కరెంటు లేదు కదురా! పాలు పిండే మిషను ఆగిపోతే చేత్తో పిండించాను," అంది అక్క అమాయకంగా.

అతని మెడ మీద నరం ఒక్కసారి ఉబ్బింది. "మిల్లుకి జనరేటరుంది కదక్కా," అని నవ్వేశాడు. పిన్ని కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి అతను తన నవ్వు ఆపేశాడు.

* * *

ట్యాంకు కప్పు మీద ఇన్‌స్పెక్టర్ నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. రెండేళ్ళ క్రితం అతను అరెస్టు చేసిన మనిషి నిర్దోషి అని పిన్ని తేల్చింది. అప్పటి నుంచీ ఆవిడ అతనికి పంటి కింద రాయి.

"రండి మేడమ్, రండి. మీరొచ్చేలోపే కేసు అయిపోయింది. అత్తకీ అల్లుడికీ పడ్డంలేదు. కొత్త ట్యాంకు కట్టడం ఆవిడకి ఇష్టం లేదు. గొడవైంది. తోసేసింది. మనిషి ఇందులో ఉన్నాడు." బూటు కాలితో కప్పును తట్టాడు.

"ఎటు నుంచి పడ్డాడు?"

"ఇదిగో, ఈ మూత ఉంది కదా!"

పిన్ని మోకాళ్ళ మీద కూర్చుంది. ఇనుప మూత చుట్టూ బోల్టులు. వాటి మీద ఆకుపచ్చ రంగు. ఆ రంగు మీద వేలితో రాసి చూపించింది.

"మూత బిగించాక దీని మీద రంగు వేశారు ఇన్‌స్పెక్టర్‌గారూ. ఒక్క బోల్టు తిప్పినా ఈ రంగు పగలాలి. చూడండి, వెంట్రుక మందం పగులైనా ఉందా? పైగా మూత తీస్తే లోపలి గ్యాసు మొత్తం గాల్లో కలిసిపోతుంది. బెలూను కుంగిపోవాలి. అది చూస్తే వానాకాలపు కప్పలా ఉబ్బి ఉంది."

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. చూడనట్టు లేచాడు. "మూత కాకపోతే మేత వెళ్ళే దారి. చెప్పు దొరికింది అక్కడే కదా!"

"పదండి, అదీ చూద్దాం."

లేస్తూ పిన్ని పక్క ట్యాంకు వైపు చూసింది. దాని కప్పు మీద వల ఒక మూలకు జరిపి ఉంది. ఆవిడ ఇంకోసారి చూసేలోపు ఇన్‌స్పెక్టర్ మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

పేడ కలిపే తొట్టి నడుంలోతు ఉంటుంది. అడుగున గ్రైండరు, దాని నోటి మీద ఇనుప చువ్వల జాలీ.

"చువ్వల మధ్య మీ పిడికిలి పెట్టండి," అంది పిన్ని.

"నేనెందుకు పెట్టాలి?"

"సరే, నేనే పెడతాను." ఆవిడ పిడికిలి మణికట్టు దగ్గర ఇరుక్కుంది. "నా చెయ్యే పట్టడం లేదు. ఆరడుగుల మనిషి ఎలా దూరాడు? జాలీకి వేసిన వెల్డింగు ఎక్కడా ఊడలేదు. అయ్యా, ఈ ట్యాంకులోకి మనిషి వెళ్ళే దారే లేదు. చెప్పు ఎవరో తెచ్చి పెట్టింది."

ఇన్‌స్పెక్టర్ ముఖం కందగడ్డయింది. "అయితే మనిషేడీ?"

"అంతకంటే ముందు ఈ ట్యాంకులోకి ఏం వెళ్ళిందో తేలాలి." పిన్ని తొట్టి లోపలికి దిగింది. జాలీ అంచున, పేడ చారికల కింద, తెల్లటి పిండి గడ్డలు కట్టి ఎండిపోయి ఉంది. గోటితో గీకింది. అందులో ఆకుపచ్చగా బూజు పట్టిన మొక్కజొన్న పలుకులు. చువ్వకి చుట్టుకుని నీలం దారం పోగు ఒకటి వేలాడుతోంది. దాన్ని మెల్లగా విప్పి అరచేతిలో పెట్టుకుంది.

"అమ్మాయ్! మీ ఆయన పరీక్ష కాగితాలు వాడేవాడా? రంగు మారేవి?"

ఇంజినీరు భార్య పరిగెత్తుకెళ్ళి చిన్న డబ్బా తెచ్చింది. ట్యాంకు పక్కనున్న కుళాయి నుంచి చెంబెడు ద్రవం పట్టింది. చాలాసార్లు భర్త వెనక నిలబడి చూసిన పని అది. కాగితం ముంచింది. ఎర్రటి నారింజ రంగు వచ్చింది.

"ఎప్పుడూ ఆకుపచ్చకే వచ్చేదండీ!" ఆ అమ్మాయి గొంతు మొదటిసారి వణికింది. "ఇంత పులుపు... దీన్నెవరో చంపేశారు."

"ఎవర్ని?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఉలిక్కిపడి.

"ట్యాంకుని," అంది పిన్ని. "అందులో రెండు రకాల సూక్ష్మజీవులుంటాయి. మొదటిరకం తిండిని పులియబెడుతుంది. రెండోరకం ఆ పులుపు తిని మండే గ్యాసు చేస్తుంది. మొదటివి తొందరపాటు రకం, రెండోవి నిదానం. పేడ, దంటు పెడితే ఇద్దరికీ సరిపోతుంది. ఒక్కసారిగా బస్తాల కొద్దీ పిండి కుమ్మరించారనుకోండి. మొదటివి పండగ చేసుకుంటాయి. పులుపు పెరిగిపోయి రెండోవి చస్తాయి. అప్పుడు గ్యాసు బోలెడు వస్తుంది, బెలూను నిండుతుంది. కానీ అందులో మండేది తక్కువ, మంటను ఆర్పేది ఎక్కువ. అందుకే పొయ్యి వెలగడం లేదు."

"అయితే?"

"అయితే ఏమిటండీ! మొన్న సాయంత్రం కరెంటు లేని వేళ, పశువుల మనుషులంతా పాలు పిండే హడావిడిలో ఉంటే, ఎవరో ఈ తొట్టిలో బూజు పట్టిన దాణా గుమ్మరించారు. పశువులకి పెట్టేదాన్ని పేడలో కలపడం ఎందుకు? ఎవరి కంటా పడకుండా మాయం చెయ్యాలని. ఏం పడేసినా మర్నాటికి ఆనవాలు లేకుండా చేసే చోటు ఈ చుట్టుపక్కల ఇదొక్కటే." పిన్ని అరచెయ్యి చాపి నీలం దారం యజమానురాలికి చూపించింది. "ఇదెక్కడిదమ్మా?"

యజమానురాలు దారాన్ని చూసింది. చూస్తూనే తొట్టి గట్టు పట్టుకుంది.

"మా తమ్ముడి మిల్లు బస్తాలకి నీలం దారంతోనే కుడతారు." ఆ పోగును వేలితో తాకింది. "పోయిన వారం మావి మూడు దూడలు చచ్చిపోయాయి పిన్నీ. జ్వరమన్నాడు వీడు. అల్లుడు మాత్రం మేత మీద అనుమానంగా ఉంది అత్తయ్యా, మామయ్యతో మాట్లాడతానన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"మొన్న మధ్యాహ్నం."

పిన్ని దారాన్ని కొంగున ముడేసుకుంది. అంతలో ఆవిడకు అరికాళ్ళ కింద సన్నగా ఏదో అదిరినట్టనిపించింది. ఎక్కడో మోటారు తిరుగుతోంది.

"ఏమిటా చప్పుడు?"

"పంపు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇందాకే వెయ్యమని చెప్పాను. మీ కథలు మీరు చెప్పుకోండి, ట్యాంకు తోడించడం నా డ్యూటీ. ఆయనే దగ్గరుండి చూసుకుంటున్నాడు."

"ఆయనంటే?"

"ఇంకెవరు? ఆవిడ తమ్ముడు."

పిన్ని కళ్ళ ముందు పక్క ట్యాంకు కప్పు కదిలింది. మూలకు జరిపిన వల. తెరిచి ఉండాల్సిన మూత ఎండలో తళతళా మెరుస్తూ గట్టిగా మూసి ఉంది! పూత ఆరడానికి వారం నుంచీ తెరిచి ఉంచిన మూతను ఎవరు బిగించారు? ఎందుకు బిగించారు? ఖాళీ ట్యాంకును నింపెయ్యమని ఒక మనిషి నిన్నటి నుంచీ ఎందుకంత తొందరపడుతున్నాడు?

"ఆపండి!" ఆ కేకకి దొడ్లో పశువులు మెడలు తిప్పాయి. "పంపు ఆపండి! అబ్బాయి కొత్త ట్యాంకులో ఉన్నాడు!"

* * *

ఆ వయసులో తనంత పరుగు తియ్యగలదని పిన్నికే తెలియదు. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, పేడలో జారి, మోచేయి గీరుకుని, లేచి మళ్ళీ పరిగెత్తింది. పంపు గది తలుపుకి లోపల గడియ. అద్దంలోంచి మిల్లు యజమాని వీపు కనిపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్‌లో ఒక మంచి గుణం ఉంది. తప్పు తెలిశాక దాన్ని మోసుకుని తిరగడు. పిన్నిని దాటి వచ్చి భుజంతో తలుపు మీద పడ్డాడు. రెండో దెబ్బకి గడియ ఊడింది. మిల్లు యజమాని స్విచ్చుకి అడ్డం నిలబడ్డాడు.

"సగం కూడా అవ్వలేదు సార్, ఇప్పుడాపితే పైపు..."

ఇన్‌స్పెక్టర్ అతన్ని మెడ పట్టి పక్కకి లాగి స్విచ్చు కొట్టాడు. మోటారు మూలిగి ఆగింది.

ఇంజినీరు భార్య అప్పటికే కొత్త ట్యాంకు ఎక్కేసింది. మూత మీద రాయితో కొట్టి చెవి ఆనించింది. ఏమీ లేదు. మళ్ళీ కొట్టింది.

లోపల్నుంచి ఠంగుమని జవాబొచ్చింది.

"ఉన్నారు! పిన్నీ, ఉన్నారు! కొడుతున్నారు!"

అంతవరకూ ధైర్యం కూడగట్టుకున్న యజమానురాలు అక్కడే నేల మీద కూలబడి బావురుమంది. నలుగురు పాలేర్లు రెంచీలతో బోల్టులు విప్పారు. మూత తీయగానే ఇన్‌స్పెక్టర్ బెల్టు విప్పి లోపలికి దూకబోయాడు. పిన్ని అతని చొక్కా కాలరు పట్టుకుంది.

"దిగకండి! ఆ మురుగుతో పాటు విషవాయువు కూడా వచ్చింది. అడుగున పేరుకుంటుంది. ఒక్క గుక్క చాలు, మీరూ పడిపోతారు. గడ్డి ఆరబెట్టే ఫ్యాను తెండి! గాలి గొట్టం లోపలికి వదలండి! తాడు!"

ఫ్యాను హోరెత్తింది. చీకట్లోకి టార్చి వేస్తే కలిపే మిషను దూలం మీదకి ఎగబాకి, దాన్ని కావిలించుకుని వేలాడుతున్న మనిషి కనిపించాడు. మురుగు అతని చీలమండలు దాటింది. ఒక కాలికే చెప్పుంది.

"ఏమండీ! ముఖం పైకెత్తి ఊపిరి పీల్చుకోండి! తాడు వస్తోంది, చంకల కింద నుంచి వేసుకోండి!" భార్య గొంతు చించుకుంటోంది.

తాడు రెండుసార్లు జారింది. మూడోసారి ముడి పడింది. యజమానురాలు కూడా లేచి వచ్చి పాలేర్ల మధ్య నిలబడి తాడు అందుకుంది. అత్తా, భార్యా, ఇన్‌స్పెక్టరూ, పాలేర్లూ ఒక్క ఊపులో లాగితే అల్లుడు వెలుగులోకి వచ్చి పడ్డాడు. తల వెనక నెత్తురు గడ్డకట్టి ఉంది. దగ్గాడు, కక్కుకున్నాడు, మళ్ళీ దగ్గాడు. ఎదురుగా ఉన్న అత్తను చూసి నవ్వబోయాడు.

"అత్తయ్యా... ట్యాంకు బాగానే కట్టాం. ఎంత అరిచినా చప్పుడు బయటికి పోలేదు."

"నోర్మూసుకో నాయనా," అంటూ ఆవిడ అతని తల ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు నూరు ట్యాంకులు కట్టుకో, నేను అడ్డు చెప్పను."

పిన్ని అతని పక్కన కూర్చుని నీళ్ళు తాగించింది. "కొట్టిందెవరు బాబూ?"

"మామయ్య. బస్తాలు తొట్టిలో పోస్తుంటే చూశాను. ఇవేమిటని అడిగాను. వెనక్కి తిరిగేసరికి పారతో కొట్టాడు. మెలకువ వచ్చేసరికి ఇందులో ఉన్నాను." గుక్క తిప్పుకున్నాడు. "పిన్నిగారూ, ఇక్కడ పోసింది మా దొడ్డికి పంపిన బస్తాలే. మిల్లు గోదాములో ఇంకా లారీడు దాణా ఉంది. అది తిన్న పశువు పాలల్లో కూడా విషం దిగుతుంది."

కింద ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య మిల్లు యజమాని నేల చూపులు చూస్తున్నాడు. పిన్ని మెట్లు దిగి అతని ముందు నిలబడింది.

"ఆ లారీడు సరుకు ఎక్కడుంది?"

అదే సమయంలో అతని చొక్కా జేబులో ఫోను మోగింది. అతని చెయ్యి జేబు మీదకి పోయింది. ఇన్‌స్పెక్టర్ ఆ చెయ్యి ఒడిసిపట్టి ఫోను లాగాడు. తెర మీద పేరు లేదు, నంబరు మాత్రమే. పిన్ని సైగ చేసింది. అతను స్పీకరు నొక్కి ముందుకు చాపాడు. ఎవరూ నోరు మెదపలేదు.

"ఏమయ్యా, ట్యాంకు నిండిందా?" అంది అవతల బరువైన గొంతు. "ఎంతసేపు? లారీ సరుకు ఎక్కించుకుని ఇక్కడ నిలబడి ఉంది. ఆ ఆడ డిటెక్టివ్ వచ్చిందట, జాగ్రత్త. మా ఇన్‌స్పెక్టర్ నస పెట్టాడా? తోడించకుండా స్టేషనుకి రావద్దని పొద్దున్నే చెప్పి పంపించాన్లే."

ఇన్‌స్పెక్టర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫోను పట్టుకున్న చెయ్యి మాత్రం కదల్లేదు. పిన్ని వైపు చూసి శబ్దం రాకుండా పెదాలు కదిపాడు.

మా పెద్దసారు.

ఫోను మిల్లు యజమాని నోటి దగ్గర పెట్టించి నిండిందని చెప్పిద్దామా అని పిన్ని ఆలోచించేలోపే ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, నేనే సార్," అన్నాడు వినయం ఉట్టిపడే గొంతుతో. "ఆయన పంపు దగ్గరున్నాడు, ఫోను నాకిచ్చాడు. ట్యాంకు నిండిపోయింది సార్. ఆ డిటెక్టివమ్మని కూడా వెనక్కి పంపించేశాను. లారీకి దారిలో ఇబ్బంది రాకుండా నేను ముందు జీపులో వెళ్ళమంటారా?"

అవతల లారీ తలుపు దబ్బున మూసిన చప్పుడు వినిపించింది.

"సరే," అంది ఆ గొంతు చివరికి. "రైలు గేటు దగ్గరికి రా. కానిస్టేబుళ్ళు వద్దు. ఒక్కడివే రా."